రాబోయే సీజనుకు తిరిగి వస్తారా?

ఏటా వానలు వెనుకబడి, దసరా దీపావళి పండుగలు గడచిన పిమ్మట, ఢిల్లీ చుట్టూ ఉన్న ఇటుక బట్టీలకు మనుష్యుల రాక మొదలవుతుంది. బీహారు, బుందేల్‌ఖండ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల నుండి కుటుంబాలకు కుటుంబాలే వంటపాత్రలు మూటగట్టుకొని, పసిబిడ్డలను చంకనెత్తుకొని ఝజ్జర్, గాజియాబాద్, బాగ్‌పత్ జిల్లాలకు చేరుకుంటాయి. జూన్ మాసాంతాన తొలకరి పడేసరికి పని ముగుస్తుంది.

ఇందరిని సకాలంలో రప్పించడం ఎట్లు? వచ్చినవారిని చివరివరకు నిలుపుకొనడం ఎట్లు? బట్టీ యజమానిని ఏటా వేధించే ప్రశ్నలివి.

వీటికి తరతరాలుగా ఒకటే జవాబు: పేష్గీ, అనగా ముందస్తు బయానా. వానాకాలంలో పనులు లేక, ఇంట గింజలు నిండుకున్న వేళ జమాదారు ఊరికి వస్తాడు. మన గుంపు మేస్త్రి వంటివాడితడు. అతడిచ్చిన సొమ్ము తిండికో, వైద్యానికో, పెళ్లికో ఖర్చయిపోతుంది. ఆ బాకీ తీర్చడానికి కుటుంబం బట్టీకి బయలుదేరుతుంది.

అక్కడ వేయి ఇటుకలకు ఇంత అని కూలి. ఆలుమగలిద్దరూ, తరచు పిల్లలు కూడా, మట్టి కలిపి ఇటుకలు కోసినా, ఖాతాలో ఉండేది మగవాని పేరొక్కటే. వారానికో పక్షానికో తిండి ఖర్చుకు కొంత ఇస్తారు. అసలు లెక్క తేలేది సీజను చివరనే. అకాల వర్షానికి పచ్చి ఇటుకలు కరిగిపోతే ఆ శ్రమకు తరచు కూలి దక్కదు. పైగా కాలుష్య నివారణ కోసం ఈ ప్రాంతంలో బట్టీలు మండించే కాలాన్ని ఇటీవల కుదించారు. పని దినాలు తగ్గినా బాకీ తగ్గదు.

యజమానికీ కష్టాలు లేకపోలేదు. బయానా పుచ్చుకొన్నవాడు రాకపోతే ఆ సొమ్ము మునిగినట్లే. మధ్యలో వెళ్లిపోతే బట్టీకి పచ్చి ఇటుక కరువు. అందుచేత అతడు కూలిని బిగబడతాడు. కార్మికుడు లెక్కను శంకిస్తాడు.

అదే బట్టీలో మరొక దృశ్యం కనిపిస్తుంది. నిప్పును కనిపెట్టుకొని, బొగ్గు వేసే పనివారిలో అనేకులు ఉత్తర ప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్ ప్రాంతంవారు. వీరిది నెల జీతం. మంట అదుపు తప్పితే ఇటుక యావత్తూ పాడవుతుంది గనుక, వీరి నేర్పుకు యజమాని విలువనిస్తాడు. ఇటుక కోసేవారి నేర్పు లేనిదే బట్టీకి పనే లేదు; అయినా ఆ విలువ వారికి దక్కదు.

ఈ చిక్కు బట్టీలకే పరిమితం కాదు. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో స్టేడియములు, వంతెనలు నిర్మించిన వలస కూలీలదీ ఇదే కథ. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదార్లు అందులో తలకు ఒక రూపాయి కమీషనుగా మినహాయించుకొని 8 రూపాయల 25 పైసలే చేతికిచ్చేవారు. పౌరహక్కుల సంస్థ పీ.యు.డి.ఆర్. ఈ సంగతిని సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చింది. 1982 సెప్టెంబరు 18న జస్టిస్ పి.ఎన్. భగవతి చరిత్రాత్మకమైన తీర్పు వెలువరించారు. కనీస వేతనంకన్న తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అవుతుందనీ, ఆకలి కలిగించే ఒత్తిడి కూడా నిర్బంధమేననీ ఆ తీర్పు సారాంశం.

అంతకు ముందే, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కార్మికునికీ ఫోటోతో కూడిన పాసుపుస్తకం, ప్రయాణపు ఖర్చు, నెల వేతనంలో సగమో 75 రూపాయలో ఏది ఎక్కువైతే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాలన్నది. ఆ చట్టాన్ని పార్లమెంటు 2020లో ఆమోదించిన కార్మిక కోడ్‌లో విలీనం చేశారు.

ఆ పాసుపుస్తకం వెనుకనున్న ఆలోచన యజమానికి కూడా మేలు చేసేదే. స్త్రీ కూలి స్త్రీ పేరనే వ్రాసి, వారం వారం పూర్తిగా చెల్లించి, లెక్కను కార్మికుని చేతిలోనే ఉంచితే బాకీతో కట్టిపడవేసే అవసరం తగ్గుతుంది. పిల్లలకు నీడ, తాగునీరు, బడి ఉన్న చోటును తల్లిదండ్రులు మరచిపోరు.

ఒడిశా కుటుంబాలు ఇటుకలు కోసే మన పెద్దపల్లి బట్టీలకూ ఇది వర్తిస్తుంది. జూన్‌లో సరియైన లెక్కతో, చేతిలో కూలి సొమ్ముతో ఇంటికి చేరినవారికి, అక్టోబరులో అదే బట్టీకి రావడానికి జమాదారు బయానా అక్కరలేదు.