సెకనులో అయిదో వంతు

రెండు నెలల బిడ్డ ఒక గదిలో, తల్లి ఇంకో గదిలో. మధ్యలో కెమెరాలు, టీవీ తెరలు. లిన్ మర్రే, కోల్విన్ ట్రెవార్థెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1985లో ప్రచురించిన ప్రయోగమిది. తెరమీద తల్లి ముద్దు చేస్తుంటే బిడ్డ కళ్లు విప్పార్చి చూస్తూ, పెదాలు కదుపుతూ, బోసినవ్వుతో బదులిచ్చేది. కాసేపయ్యాక, ఆ తల్లే అంతకుముందు ఆడిన మాటల రికార్డింగ్ వేశారు. అదే ముఖం, అదే గొంతు. బిడ్డ మాత్రం చూపు తిప్పేసుకుని మూతి ముడిచింది, కలతపడింది. తరవాత ఈ ప్రయోగం చేసినవాళ్లందరికీ ఇదే ఫలితం రాలేదన్నదీ నిజమే. అయినా వీడియో కాల్లో ఇద్దరినీ కలిపి ఉంచేది బొమ్మా, వేళకు అందే బదులా అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి మొదలు లేదు.

పెద్దవాళ్ల మాటల్లో ఆ వేళ ఎంతో కొలిచారు. తాన్యా స్టైవర్స్ బృందం 2009లో జపనీస్, డేనిష్, లావో వంటి 10 భాషల సంభాషణలు పరిశీలించింది. ప్రశ్న ముగిశాక జవాబు మొదలవడానికి పట్టేది సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. తెలుగు ఆ జాబితాలో లేదు గానీ మనం ఇంతకన్నా నిదానస్తులమని నేననుకోను. విచిత్రమేమిటంటే, ఒక బొమ్మను చూసి దాని పేరు చెప్పడానికే మెదడుకు దాదాపు 600 మిల్లీసెకన్లు కావాలి. అంటే అవతలివాళ్ల మాట పూర్తికాకముందే, అది ఎక్కడ ఆగుతుందో పసిగట్టి, జవాబు సిద్ధం చేసుకుంటున్నామన్నమాట.

వీడియో చెడగొట్టేది ఈ లెక్కనే. కాల్‌ను మోసుకెళ్లే గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి డాలస్‌కు సూటిగా కొలిచినా 14,000 కిలోమీటర్ల పైమాటే, కాబట్టి ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు. కేబుళ్లేమో సూటిగా పోవు. దీనికి తోడు బొమ్మను కుదించి పంపడం, విప్పడం, ముందూ వెనకగా వచ్చే ముక్కలను కాసేపు ఆపి వరసలో పెట్టడం. ప్రశ్న వెళ్లి జవాబు రావాలి గనక అడిగినవాళ్లకు ఈ ఆలస్యం రెండింతలు.

ఖమ్మంలో అత్తగారు “సంక్రాంతికి వస్తున్నారా బాబూ?” అంటుంది. డాలస్‌లో అల్లుడు వెంటనే “వస్తున్నామండీ” అంటాడు. ఆవిడకు మాత్రం మధ్యలో కాస్త మౌనం వినబడుతుంది. ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు పిలుపు తరవాత వచ్చే తటపటాయింపుకు అర్థం మనందరికీ తెలుసు: రావడం కష్టమే. నెట్టు చేసిన తప్పు అల్లుడి ఖాతాలో పడుతుంది. ఇది ఊహ కాదు. కావాలనే ఆలస్యం కలిపి కాల్ చేయించిన జర్మన్ పరిశోధనలో, అవతలి మనిషి శ్రద్ధగా లేడనీ, అంత స్నేహంగా లేడనీ జనం మార్కులు వేశారు. అది 2014లో వెలువడింది.

ఊ కొట్టడానిదీ ఇదే గతి. స్పీకర్లో వచ్చే గొంతు తిరిగి మైకులోకి దూరి ప్రతిధ్వనించకుండా సాఫ్ట్‌వేర్ అడ్డుపడుతుంది. ఆ ఊపులో మనం మధ్యమధ్య అనే ‘ఊఁ’, ‘అవునా’, ‘అయ్యో’లను కూడా మింగేస్తుంటుంది. చెప్పేవాళ్లకు గోడతో మాట్లాడుతున్నట్టుండి, “వినబడుతోందా?” అని ఆగిపోతారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. నెట్టు మరీ నీరసంగా ఉంటే వీడియో ఆపి గొంతు కాపాడుకోవడమే తెలివి.

పసిపిల్లల విషయంలో మాత్రం కబురు మంచిదే. 2014లో అమెరికాలో రోజ్‌బెర్రీ, ఆమె సహచరులు రెండు, రెండున్నర ఏళ్ల మధ్య పిల్లలకు కొత్త మాటలు నేర్పి చూశారు. ఎదుట కూర్చున్న మనిషి దగ్గరా నేర్చుకున్నారు, వీడియో కాల్లోనూ నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో చూసినవాళ్లకు మాత్రం ఒంటబట్టలేదు. ఏడాదిన్నర లోపు పిల్లలకు తెరలు వద్దని 2016లో చెప్పిన అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం కూడా వీడియో కాల్‌ను మినహాయించింది.

అయితే అమ్మమ్మ “ఏం తిన్నావురా కన్నా?” అని అడిగాక అలవాటుకన్నా ఇంకో క్షణం ఆగాలి. జవాబు రాలేదని “అన్నం తిన్నావా?” అని వెంటనే అందుకుంటే, అప్పుడే బయల్దేరిన వాడి మొదటి జవాబు ఆవిడ రెండో ప్రశ్న మీద వచ్చి పడుతుంది.