ఆడాసిటీలో మీ రికార్డింగ్ ఎందుకు తెరుచుకోదు?

క్లబ్ ఆడియో సంచిక పని మొదలైనప్పటి నుంచి ఎక్కువగా వినిపిస్తున్న మాట ఒకటుంది: "ఫైలు పాడైపోయింది అన్నా!" సెలవులకి ఊరెళ్లి అమ్మమ్మ చేత నాట్ల పాటలు పాడించుకుని, ఫోన్లో రికార్డు చేసుకుని వస్తారు. ఎడిట్ చేద్దామని ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ తెరిచి ఆ ఫైలుని అందులోకి లాగుతారు. ఎర్రర్ బాక్స్ వస్తుంది. ఇక అది పనికిరాదని డిలీట్ చేసేసిన వాళ్లు కూడా ఉన్నారు. ఆవిడ మళ్లీ అదే ఊపులో పాడుతుందన్న గ్యారంటీ ఎవరిస్తారు?

ముందు చేయాల్సింది చాలా చిన్న పని. అదే ఫైలుని ఫోన్లోనో వీఎల్‌సీలోనో ప్లే చేసి చూడండి. వినపడితే ఫైలు నిక్షేపంగా ఉన్నట్టే. ఇబ్బంది ఆడాసిటీ వైపు ఉంది.

ఆడాసిటీ వేవ్, ఎంపీ3, ఫ్లాక్, ఓగ్ వోర్బిస్ ఫైళ్లని తనంతట తానే తెరుస్తుంది. కానీ మన ఫోన్లలో రికార్డింగులు ఎక్కువగా ఎం4ఏ రూపంలో సేవ్ అవుతాయి. అంటే లోపల ఏఏసీ అనే కోడెక్ ఉంటుంది. కొన్ని ఫోన్లు ఏఎంఆర్‌లో దాస్తాయి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ లోపల ఉండేది ఓపస్. ఎం4ఏ, ఏఎంఆర్ తెరవాలన్నా, వీడియో నుంచి ఆడియో లాగాలన్నా ఆడాసిటీకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే లైబ్రరీ తోడు కావాలి. పాత వెర్షన్లలో ఓపస్‌కి కూడా అదే దిక్కు.

మరి దాన్ని ఆడాసిటీతోనే కలిపి ఇచ్చేయొచ్చు కదా? ఇక్కడ అడ్డం వచ్చేది టెక్నాలజీ కాదు, పేటెంట్లు. దీనికి ఎంపీ3 కథే మంచి ఉదాహరణ. ఒకప్పుడు ఆడాసిటీ నుంచి ఎంపీ3గా ఎక్స్‌పోర్ట్ చేయాలంటే లేమ్ అనే ఎన్‌కోడర్‌ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చేది. (లేమ్ పూర్తి పేరుకి అర్థం "లేమ్ ఎంపీ3 ఎన్‌కోడర్ కాదు" అని! పేరులోనే పేరు, పైగా అబద్ధం. ప్రోగ్రామర్ల చమత్కారం అలాగే ఉంటుంది.) 2017 ఏప్రిల్‌లో ఎంపీ3 లైసెన్సింగ్ కార్యక్రమం ముగిసింది. 2019లో వచ్చిన ఆడాసిటీ 2.3.2 నుంచి విండోస్, మ్యాక్‌లలో లేమ్ లోపలే ఉంటోంది. కాబట్టి ఏదో పాత యూట్యూబ్ వీడియో చూసి లేమ్ డీఎల్ఎల్ కోసం ఊరూ పేరూ లేని సైట్లు తిరగకండి. ఆ పని అవసరమే లేదు, పైగా వైరస్ అంటించుకునే దారి అది.

ఇక ఇన్‌స్టాలేషన్. ఆడాసిటీలో ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో లైబ్రరీస్ పేజీ తెరవండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దొరకలేదని అక్కడ రాసి ఉంటే, పక్కనే డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. అది ఆడాసిటీ వాళ్ల సహాయ పేజీకి తీసుకెళ్తుంది. అక్కడ చెప్పిన ఇన్‌స్టాలర్ వేసుకుని, ఆడాసిటీని పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. చాలామందికి ఇక్కడితో పని అయిపోతుంది.

అవ్వని వాళ్ల దగ్గర నేను చూసిన గొడవల్లో మొదటిది మన కంప్యూటర్ సైన్స్ వాళ్లది. "నా దగ్గర ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆల్రెడీ ఉంది, టెర్మినల్లో కొడితే వస్తోంది కూడా" అంటారు. నిజమే, కానీ వాళ్లు దింపుకున్నది స్టాటిక్ బిల్డ్. అందులో అన్నీ ఒకే ఈఎక్స్ఈ ఫైల్లో కూరి ఉంటాయి. ఆడాసిటీకి ఆ ప్రోగ్రాం అక్కర్లేదు. ఏవీఫార్మాట్, ఏవీకోడెక్, ఏవీయుటిల్ అనే విడి డీఎల్ఎల్ ఫైళ్లు కావాలి. అవి షేర్డ్ బిల్డ్‌లో దొరుకుతాయి. లొకేట్ బటన్ నొక్కి ఏవీఫార్మాట్ ఫైలుని చూపిస్తే చాలు. మిగతావి కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. ఆ ఒక్క ఫైలునే డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి చూపిస్తే పని జరగదు.

రెండోది వెర్షన్ పొంతన కుదరకపోవడం. ఏవీఫార్మాట్ ఫైలు పేరు చివర ఒక అంకె ఉంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 4కి అది 58, 5కి 59, 6కి 60, 7కి 61. ఆడాసిటీ తనకి తెలిసిన అంకెల్నే గుర్తుపడుతుంది. ల్యాబ్ సిస్టమ్స్‌లో ఇంకా ఉన్న ఆడాసిటీ 2.4 లాంటివి 55నే అడుగుతాయి. వాటికి సరికొత్త లైబ్రరీ ఇచ్చినా తెలియనట్టే కూర్చుంటాయి. అప్పుడు పాత లైబ్రరీ కోసం వెతకడం కన్నా ఆడాసిటీనే కొత్తది వేసుకోవడం తేలిక.

మూడోది బిట్లు. 64-బిట్ ఆడాసిటీ 32-బిట్ డీఎల్ఎల్‌ని లోడ్ చేయలేదు. మ్యాక్‌లో అయితే ఇంటెల్‌కీ యాపిల్ సిలికాన్‌కీ లైబ్రరీలు వేరు. ఎఫెక్ట్‌ల కోసం వేసుకునే వీఎస్‌టీ ప్లగిన్లకి కూడా ఇదే రూలు. లిస్టులో ప్లగిన్ కనపడకపోతే ముందు ఇదే చూసుకోండి. ఉబుంటు వాళ్లకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. అయితే ఆడాసిటీని ఫ్లాట్‌ప్యాక్‌గా వేసుకుని ఉంటే, దానికి బయట సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీలు కనపడవు.

అడ్డదారులు రెండు చెలామణిలో ఉన్నాయి. ఎం4ఏ అన్న ఎక్స్‌టెన్షన్ తీసేసి ఎంపీ3 అని పేరు మార్చడం ఒకటి. డబ్బా మీద చీటీ మార్చితే లోపలి కందిపప్పు పెసరపప్పు అవుతుందా? రెండోది ఆన్‌లైన్ కన్వర్టర్. పని జరుగుతుంది, కాదనను. కానీ మీ అమ్మమ్మ గొంతు ఎవరిదో తెలియని సర్వర్‌కి వెళ్తుంది; పైగా ఎంపీ3గా మార్చితే ఒకసారి కుదించిన ఆడియో ఇంకోసారి కుదించబడుతుంది. మార్చక తప్పకపోతే వేవ్‌గా మార్చండి. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియో నిమిషానికి సుమారు 10 ఎంబీ, మోనో అయితే అందులో సగం. ఈ రోజుల్లో అదేం బరువు కాదు. ఫోన్ నుంచి వచ్చిన అసలు ఫైలుని మాత్రం ముట్టుకోకుండా ఇంకో కాపీ ఉంచుకోండి.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా చేయలేనిది ఒకటుంది. ఏఎంఆర్ ఫైలు తెరుచుకున్నా మామూలు రకం శాంప్లింగ్ రేటు సెకనుకి 8000 మాత్రమే. కాబట్టి 4000 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దమంతా రికార్డు చేసినప్పుడే పోయింది. స, శ అక్షరాల్లోని బుసలో ఎక్కువ భాగం ఉండేది సరిగ్గా ఆ పైభాగంలోనే. అందుకే అలాంటి ఫైల్లో పద్యం చదివితే శకారమేదో సకారమేదో చెవికి తేడా తెలియడం కష్టం, ఎన్ని ఎఫెక్ట్‌లు వేసినా అది తిరిగిరాదు. ఈ సంక్రాంతికి ఊరెళ్లే ముందే ఫోన్ రికార్డర్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్ చూసి, ఏఎంఆర్ ఉంటే ఎం4ఏకి గానీ వేవ్‌కి గానీ మార్చండి.