అరికాలి పులిపిర్లు: పోయినట్టే పోయి మళ్ళీ ఎందుకు వస్తాయి?

అరికాలిలో గరుకుగా ఒక చిన్న బుడిపె లేస్తుంది. అడుగు వేస్తే ముల్లు గుచ్చినట్టు ఉంటుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోయిందని కొందరు సూదితో కెలుకుతారు. ఆనెకాయ అనుకొని కొందరు బ్లేడుతో కోస్తారు. కొన్నాళ్ళకు అదే చోట ఒకటికి నాలుగు కనబడతాయి. ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చేవి చాలాసార్లు అరికాలి పులిపిర్లే.

ఎందుకు వస్తాయి?

హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే సూక్ష్మక్రిమి వల్ల వస్తాయి. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. పాదాలకు పులిపిర్లు తెచ్చేవి ముఖ్యంగా 1, 2, 4, 27, 57 రకాలు. స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన 16, 18 రకాలు వేరు. కాబట్టి కాలి పులిపిరిని చూసి క్యాన్సర్ అని భయపడనక్కరలేదు.

నానిన చర్మం, చిన్న పగుళ్ళు, గీతల గుండా వైరస్ లోపలికి పోతుంది. చెప్పులు లేకుండా ఇసుకలో, కొబ్బరి తోటల్లో, తడి స్నానాల గదుల్లో తిరిగే పాదాలకు ఇలాంటి గీతలు సహజం. వైరస్ సోకిన వెంటనే పులిపిరి కనబడదు, కొన్ని నెలలు పట్టవచ్చు.

ఆనెకాయా, పులిపిరా?

ఆనెకాయపై నేరుగా నొక్కితే నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే ఎక్కువ నొప్పి. ఆనెకాయ మీద చర్మపు గీతలు కొనసాగుతాయి, పులిపిరి దగ్గర తెగిపోతాయి. పైచర్మం అరగదీస్తే పులిపిరిలో నల్లటి చుక్కలు కనబడతాయి. అవి ముళ్ళు కావు, గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు.

మళ్ళీ ఎందుకు వస్తాయి?

పైకి బాగున్నట్టు కనిపించే చుట్టుపక్కల చర్మంలో కూడా వైరస్ ఉండవచ్చు. నొప్పి తగ్గగానే మందు మానేస్తే అది మళ్ళీ పెరుగుతుంది. బ్లేడుతో కోస్తే పక్కలకు అంటుకుంటుంది. ఇంటిల్లిపాదీ ఒకే రాయితో కాళ్ళు రుద్దుకుంటే ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది.

జీడి నూనె వద్దు

పలాస ప్రాంతంలో జీడిపిక్కల పని తెలియని ఇల్లు తక్కువ. పిక్క తొక్కలోని నూనె తగిలితే చేతులు నల్లబడి పొక్కుతాయని ఆ పని చేసే తల్లులకు బాగా తెలుసు. అదే నూనెను పులిపిరిపై పెడితే వైరస్‌తో పాటు మంచి చర్మమూ కాలుతుంది. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, అగరుబత్తితో కాల్చడం కూడా ఇలాంటివే. పుండు పడి చీము పడితే అసలు జబ్బు కంటే వైద్యమే పెద్ద జబ్బవుతుంది.

సరైన చికిత్స

పిల్లల్లో చాలామందికి 2 ఏళ్ళలోపు వాటంతటవే పోతాయి. నొప్పి లేకపోతే ఆగి చూడవచ్చు. నొప్పి ఉంటే డాక్టరు సలహాతో సాలిసిలిక్ యాసిడ్ మందు వాడవచ్చు.

1. రాత్రి పాదాన్ని గోరువెచ్చని నీటిలో 5 నుంచి 10 నిమిషాలు నానబెట్టండి.
2. మెత్తబడిన పైచర్మాన్ని మెల్లగా రుద్దండి. ఆ రాయి మరెవరూ వాడకూడదు.
3. చుట్టూ వాజెలిన్ రాసి, పులిపిరిపై మాత్రమే మందు వేయండి.
4. రోజూ, 12 వారాల వరకు ఓపికగా చేయండి. మంట, పుండు వస్తే ఆపి చూపించండి.

ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది. 2 లేక 3 వారాలకొకసారి చేస్తారు. బ్రిటన్‌లో 240 మందిపై జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో, 12 వారాలకు ఈ రెండు పద్ధతుల్లోనూ 100కి 14 మందికి మాత్రమే పూర్తిగా పోయాయి. అందుచేత త్వరగా పోలేదని నిరాశపడి కత్తి పట్టవద్దు.

వీరు ఇంట్లో ఏమీ చేయకూడదు

షుగరు ఉన్నవారు, కుష్ఠు వల్ల పాదం మొద్దుబారినవారు, కాళ్ళకు రక్తప్రసరణ తక్కువైనవారు యాసిడ్ మందులు సొంతంగా వాడకూడదు. వారికి కాలినా తెలియదు, పుండు త్వరగా మానదు. చిన్న పుండుతో మొదలై కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చు.

ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత మందిని బాధిస్తోందో మనకు తెలిసినదే. కాలి నొప్పికి దుకాణంలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ళలు కొని మింగవద్దు. అవి కిడ్నీలకు హాని చేస్తాయి. కిడ్నీ మార్పిడి జరిగినవారికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల పులిపిర్లు ఎక్కువగా వస్తాయి. వారు ఆ మందులు మానకుండా తమ డాక్టరుకు చూపించాలి.

అరికాలిలో నల్లమచ్చ పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, పుండు మానకపోయినా పులిపిరి అని సరిపెట్టుకోకండి. అది చర్మ క్యాన్సర్ కావచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోండి.

పాదాలు పొడిగా ఉంచండి. తువ్వాలు, చెప్పులు ఎవరివి వారే వాడండి. తడి నేల మీద చెప్పులు వేసుకోండి. ఇంట్లో ఒకరికి పులిపిరి వస్తే అందరి పాదాలూ చూడండి, ముఖ్యంగా తమ అరికాళ్ళు తాము చూసుకోలేని పెద్దవారివి.