ఖాళీ సీసాకూ ఒక లెక్కుంది

మామిడిపండ్ల కాలం వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఖాళీ సీసాలకు గిరాకీ. తోటలో రాలిన పండ్లను పిసికి రసం తీసి, చేతికందిన సీసాలో పోసి మూత బిగిస్తారు. రెండు మూడు రోజులకు అర్ధరాత్రి వేళ ఢామ్మని చప్పుడు! గోడంతా రసం, నేలంతా గాజు పెంకులు.

ఇది గాలి చేష్ట కాదు. పండు తొక్క మీద కంటికి కనిపించని ఈస్టు ఉంటుంది. అది రసంలోని తీపిని తిని గ్యాసు పుట్టిస్తుంది. పడమటి దేశాలవారు ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడరు చేసుకునేదీ ఇలాగే. అయితే దాన్ని నింపడానికి వారు మందపాటి సీసాలే ఎంచుకుంటారు.

మన గోలీసోడా సీసానే చూడండి. 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందిన పద్ధతి అది. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూతిని మూస్తుంది. ఆ ఒత్తిడికి తట్టుకునేలా గాజును దళసరిగా పోస్తారు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాల నిషేధం తర్వాత వచ్చిన నీళ్ల గాజు సీసా సంగతి వేరు. అది నీళ్లకు చేసింది, గ్యాసుకు కాదు.

కనుక పులిసే రసాన్ని పలుచటి సీసాలో బిగించరాదు. పగుళ్లున్నా, మూతి చిట్లినా ఆ సీసాను పక్కన పెట్టాలి. మంచి సీసాను కడిగి, చన్నీళ్లలో ఉంచి, ఆ నీళ్లతో పాటే పావుగంట మరిగించాలి. పురుగుమందు, కిరసనాయిలు పోసిన సీసా ఎంత కడిగినా తాగే వాటికి పనికిరాదు.

ఖాళీ సీసాకు ఆశపడి కన్ను పోగొట్టుకోరాదు గదా!