నారచీరలు లేని వానప్రస్థం

పిల్లల చదువులయ్యాయి. ఇంటి అప్పు తీరింది. ఉద్యోగం చేసింది చాలనిపించింది. ఇక ఏ చెరువు పక్కనో చిన్న ఇల్లు చూసుకుని హాయిగా గడిపేయాలి... ఇంతవరకూ ఏ దేశంలోనైనా ఒకటే కథ. అమెరికాలోని ఫ్లోరిడాలో మాత్రం కొందరి కథలో ఇంకో ముక్క ఉంటుంది. ఆ కాలనీ గేటు దాటాక ఒంటిమీద నూలుపోగు ఉండదు!

టాంపా నగరం నుంచి ఉత్తరంగా కారులో ఓ అరగంట వెళ్తే పాస్కో కౌంటీలో లాండ్ ఓ లేక్స్ అనే ఊరొస్తుంది. పేరుకు తగ్గట్టే ఎటు చూసినా చెరువులు. సూపర్ మార్కెట్లు, పెట్రోలు బంకులు, స్కూలు బస్సులు... ఏ తేడా కనిపించదు. మెయిన్‌రోడ్డు మీంచి పక్కకు తిరిగి, గుబురు చెట్ల మధ్యనున్న గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి లోపలికెళ్తేనే అసలు సంగతి. అరవై, డెబ్భై ఏళ్ల పెద్దమనుషులు గోల్ఫ్ కార్ట్‌లు నడుపుకుంటూ, మొక్కలకు నీళ్లు పోసుకుంటూ, పోస్టు డబ్బాలో ఉత్తరాలు చూసుకుంటూ తిరుగుతుంటారు. తలమీద టోపీ, కాళ్లకు చెప్పులు, భుజాన తువ్వాలు. అంతే!

టాంపా తెలుగువారికి కొత్త ఊరేం కాదు. 2025 జులైలో ‘నాట్స్’ అమెరికా తెలుగు సంబరాలు జరిగింది అక్కడే. పట్టుచీరలూ పంచెలూ కళకళలాడిన ఆ ఊరికి కూతవేటు దూరంలోనే ఇలాంటి కాలనీలు పక్కపక్కనే వెలిశాయి. వాటిలో పాతది లేక్ కోమో. 1940లలో, చుట్టూ నారింజ తోటలూ పశువుల బీళ్లూ తప్ప మరేమీ లేని రోజుల్లో మొదలైంది. అందులో ఉండేవాళ్లే కలిసి సహకార సంఘంగా ఏర్పడి నడుపుకుంటారు, మన హౌసింగ్ సొసైటీల్లాగే. తర్వాత 1981లో ప్యారడైజ్ లేక్స్, ఇంకొన్నేళ్లకు కాలియెంటే వచ్చాయి. డిస్నీవరల్డ్ దగ్గర్లోని కిసిమీలో 1964లో మొదలైన సైప్రెస్ కోవ్ కూడా ఈ కోవలోదే.

ఇదంతా చట్టవిరుద్ధం కాదా అని ఎవరికైనా అనుమానం వస్తుంది. ఒంటిని అసభ్యంగా ప్రదర్శించడం ఫ్లోరిడాలోనూ నేరమే. కానీ అందుకోసమే ప్రత్యేకంగా కేటాయించిన చోట బట్టల్లేకుండా ఉండటం నేరం కాదని ఆ చట్టంలోనే రాసి ఉంది. గేటుకు ఇవతల కేసు, అవతల కాలక్షేపం!

పాస్టరుగారి పోరాటం

ఈ ఆలోచన అమెరికాలో పుట్టింది కాదు. 1903లో పాల్ జిమ్మర్‌మన్ అనే ఆయన జర్మనీలోని ల్యూబెక్ దగ్గర ‘ఫ్రైలిష్ట్‌పార్క్’ పేరుతో ఓ తోట తెరిచాడు. ఫ్యాక్టరీల పొగలో మగ్గిపోతున్న మనిషికి గాలీ వెలుతురూ మందని అప్పటి జర్మన్లలో కొందరు గట్టిగా నమ్మేవారు. అక్కడినుంచి న్యూయార్క్ వలస వెళ్లిన కుర్ట్ బార్తెల్ 1929లో ఓ చిన్న బృందాన్ని హడ్సన్ నది కొండల్లోకి తీసుకెళ్లి అమెరికాలో ఈ ఉద్యమానికి కొబ్బరికాయ కొట్టాడు. దాన్ని దేశమంతా పాకించిన మనిషి మాత్రం ఇల్స్‌లీ బూన్. ఆయనెవరో తెలుసా? చర్చిలో ప్రసంగాలు చేసే పాస్టరు! వాళ్ల పత్రిక ‘సన్‌షైన్ అండ్ హెల్త్’ను పంచడానికి వీల్లేదని తపాలా శాఖ అడ్డుపడితే కోర్టుకెక్కాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1958లో పత్రికే గెలిచింది.

మనకూ దీనికీ సంబంధమే లేదనుకుంటే పొరపాటు. జిమ్మర్‌మన్ తోటకన్నా పన్నెండేళ్ల ముందే, 1891లో, బొంబాయి పక్కనున్న ఠాణేలో ‘ఫెలోషిప్ ఆఫ్ ద నేకెడ్ ట్రస్ట్’ అనే సంఘం పుట్టింది. పెట్టింది సాక్షాత్తూ అక్కడి జిల్లా జడ్జి చార్లెస్ క్రాఫర్డ్. కోటూ టై బిగించుకుని తీర్పులు చెప్పే దొరగారికి ఆ ఉక్కపోతలో ఈ ఆలోచన రావడంలో ఆశ్చర్యమేముంది! సభ్యులు మాత్రం ఆయనతో కలిపి ముగ్గురే. చరిత్రకు తెలిసిన తొలి న్యూడిస్టు సంఘం ఇదేనంటారు.

బట్టలు వదిలిన మునులు మన గడ్డకు కొత్త కాదు. దిగంబర జైన సాధువులున్నారు. టాంక్‌బండ్ మీద వేమన యోగి ఉన్నాడు. కానీ వాళ్లది అన్నీ వదులుకున్నవాళ్ల దారి. ఫ్లోరిడా పెద్దలది వేరు. ఇల్లుంది, ఈతకొలను ఉంది, సాయంత్రం పేకాట ఉంది, శనివారం డాన్సు ఉంది. వదిలింది ఒక్క బట్టల్నే!

రజకుడికేం పని?

దిగంబరుల ఊళ్లో చాకలికేం పని అని సామెత. ఇక్కడ ఉంది. ఈ కాలనీల్లో అన్నిటికన్నా పెద్ద నియమం తువ్వాలు. కుర్చీ, బల్ల, గోల్ఫ్ కార్ట్ సీటు... ఎక్కడ కూర్చోవాలన్నా ముందు తువ్వాలు పరచాలి. పరిశుభ్రత విషయంలో రాజీ లేదు. రోజుకు రెండు మూడు మారతాయి కాబట్టి వాషింగ్ మెషీన్లకు తీరిక ఉండదు.

ఫొటోలు తీయకూడదు. తీయాలంటే ఫ్రేములో ఉన్న ప్రతి ఒక్కరి అనుమతీ కావాలి. సెల్‌ఫోన్లు వచ్చాక దీన్ని అమలు చేయడమే నిర్వాహకులకు పెద్ద తలనొప్పి. తేరిపార చూడకూడదు. లైంగిక ప్రవర్తన ఏమాత్రం కనిపించినా గెంటేస్తారు. స్థలం ఇచ్చే ముందు చాలాచోట్ల పాత నేరాలేమైనా ఉన్నాయేమో ఆరా తీస్తారు. న్యూడిస్టు చోటులన్నీ ఇంత కట్టుదిట్టంగా ఉంటాయని మాత్రం అనుకోనక్కర్లేదు. ఫ్రాన్స్‌లోని కాప్ డాగ్డ్ కుటుంబాల విడిదిగా మొదలైంది, తర్వాత రాత్రిళ్ల విలాసాలకు పేరుపడింది. అక్కడి పాతకాపులకు ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే ఇల్లు కొనేముందు ఓ వారం ఉండి చూడమని అనుభవజ్ఞులు చెబుతారు.

చలేస్తే? స్వెటరు వేసుకుంటారు. ఫ్లోరిడాలో కూడా జనవరి పొద్దులు వణికిస్తాయి. దోమలు కుడితే మందు రాసుకుంటారు. ఇక పొయ్యి దగ్గరికెళ్తే ఎవరైనా ఏప్రన్ కట్టుకోవాల్సిందే. ఆవాలు వేసి పోపు పెట్టే అలవాటు వాళ్లకు లేదు కాబట్టి సరిపోయింది!

అసలు పరీక్ష చర్మానికి. ఒళ్లంతా ఎండకు అలవాటు చేసే ఈ జీవితంలో చర్మ క్యాన్సర్ భయం నిజమైనదే. అందుకే సన్‌స్క్రీన్ సీసా లేని ఇల్లుండదు. చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లి ఒంటిమీది ప్రతి మచ్చనూ చూపించుకోవడం పాత సభ్యులు కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా.

రిటైర్మెంట్ దాకా ఆగడం ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు కొలను పక్కన కాదు, ఆఫీసులో ఉంది. టీచరుగానో బ్యాంకు ఉద్యోగిగానో పనిచేసే మనిషి వారాంతాల్లో బట్టల్లేకుండా గడుపుతున్నాడని ఊరికి తెలిస్తే? ఉద్యోగమే ఎసరులో పడొచ్చు. అందుకే ఈ క్లబ్బుల్లో ఇంటిపేర్లు అడగరు. ఏళ్ల తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లు ఒకరినొకరు పొట్టిపేరుతోనే పిలుచుకుంటారు. ఏం ఉద్యోగమన్నది కూడా తమంతట తాము చెబితేనే. పదవీ విరమణతో ఆ భయం పోతుంది. ముప్పై ఏళ్లు దొంగచాటుగా చేసిన పనిని ఇక పగటి వెలుగులో చేయొచ్చు. అందుకే అరవై అయిదు దాకా ఆగలేక యాభై అయిదుకో యాభై ఎనిమిదికో పెట్టేబేడా సర్దేసేవాళ్లుంటారు.

ఇక్కడే లెక్కల చిక్కు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ పింఛను 62 ఏళ్లకు ముందు రాదు. 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్లు 62కే తీసుకుంటే పూర్తి పింఛనులో 30 శాతం కోత. పూర్తిగా రావాలంటే 67 దాకా ఆగాలి. 401(కె)లో దాచుకున్న సొమ్మును యాభై తొమ్మిదిన్నరేళ్లు నిండకుండా తీస్తే పన్నుతోపాటు సాధారణంగా 10 శాతం జరిమానా. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 65కు గానీ రాదు. అంటే యాభై అయిదుకే ఉద్యోగం మానేసిన దంపతులు పదేళ్లపాటు బీమా సొంతంగా కట్టుకోవాలి. మధ్యలో గుండెకో మోకాలికో ఏదైనా వస్తే ఆ పదేళ్లు ఎంత పొడుగో తెలిసొస్తుంది.

ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అదో ఊరట. ఇళ్లు కూడా బయటి బంగళాలంత ఖరీదు కాదు. కారణం, వీటిలో చాలావరకు ఫ్యాక్టరీలో తయారై వచ్చే మొబైల్ హోమ్స్. చాలాచోట్ల ఇల్లు మాత్రమే మనది, కింది నేల యజమానిది. నెలనెలా స్థలం అద్దె కట్టాలి. అది పెరుగుతూ పోతుంది, ఇంటి విలువేమో తరుగుతూ పోతుంది. అమ్ముదామంటే కొనేవాళ్లూ అంత సులువుగా దొరకరు. ఇల్లు నచ్చితే చాలదు కదా, జీవితమూ నచ్చాలి! ఉన్న ఊళ్లో ఇల్లమ్మేసి వచ్చినవాళ్లకు వెనక్కెళ్లే దారి మూసుకుపోయేది ఇక్కడే. తెలివైనవాళ్లు మొదటి ఏడాది అద్దెకుండి, పాత ఇల్లు ఉంచుకుంటారు.

దానికి తోడు తుపాన్లు. 2024 సెప్టెంబరులో హెలీన్, అక్టోబరులో మిల్టన్ వరుసగా ఈ ప్రాంతాన్ని కుదిపేశాయి. తుపాను వస్తోందంటే మొబైల్ హోమ్స్‌ను ముందుగా ఖాళీ చేయిస్తారు. ప్రభుత్వ శిబిరంలో తలదాచుకోవాలంటే బట్టలు వేసుకోక తప్పదు. బీరువా అడుగున మడతపెట్టిన చొక్కాలకు అప్పుడు పనిపడుతుంది.

అద్దం ముందు భయం

ఇన్ని తంటాలుపడి వచ్చేవాళ్లు ఏం కోరి వస్తున్నట్టు? సినిమాల్లో చూపించేలాంటి ఒళ్లు ఇక్కడ కనిపించదు. జారిన పొట్టలు, సిజేరియన్ కుట్లు, బైపాస్ గీతలు, క్యాన్సర్‌తో రొమ్ము తీసేసిన మచ్చలు... దాచుకోవడానికి ఏమీ లేనిచోట వాటిని ఎవరూ పట్టించుకోరు. అద్దం ముందు నిలబడటానికే జంకిన మనిషికి అది చిన్న విషయం కాదు. లండన్ విశ్వవిద్యాలయంలోని గోల్డ్‌స్మిత్స్ కళాశాలకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త కియోన్ వెస్ట్ దాదాపు 850 మంది బ్రిటన్ వాసుల్ని అడిగి 2017లో ఓ అధ్యయనం వెలువరించారు. ఇలాంటి కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొనేవారికి తమ శరీరం మీద ఇష్టం, జీవితం మీద తృప్తి ఎక్కువని తేలింది. తృప్తి ఉన్నవాళ్లే అటు వెళ్తున్నారేమో అనొచ్చు. ఆ అనుమానంతోనే ఆయన కొన్ని కార్యక్రమాలకు వచ్చినవారిని ముందూ తర్వాతా ప్రశ్నించి చూశారు. తర్వాత కాస్త మెరుగే కనిపించింది.

ఎదుటివాడి హోదా తెలియకపోవడం ఇంకో సుఖం. సూటు లేదు, బ్రాండు లేదు. రిటైరైన మరునాటి నుంచి ‘నేనెవరిని’ అని తడుముకునే పెద్ద అధికారులకు ఇది ఒకరకంగా మందే. అందరూ ఆ మొదటి వారంలోనే మాజీలైపోతారు.

అయితే ఈ సుఖం దంపతులిద్దరికీ ఒకేసారి రాదు. సాధారణంగా ఒకరు లాగుతారు, ఒకరు వెనకాడతారు. ఇష్టం లేని మనిషిని బలవంతాన తెస్తే ఆ ఇల్లు అమ్మకానికి రావడానికి ఎంతో కాలం పట్టదు. ఇద్దరూ ఇష్టపడి వచ్చినా, కొన్నేళ్లకు ఒకరు పోతే మిగిలినవారి సంగతేమిటి? చాలా క్లబ్బులు ఒంటరి మగవాళ్లను చేర్చుకోవడానికి జంకుతాయి. ఉన్న సభ్యుడు ఒంటరైతే మాత్రం ఆ కాలనీయే కుటుంబమవుతుంది. పూట పూటా ఎవరో ఒకరు తలుపు తడతారు.

ఇంగ్లండ్‌లోని బ్రికెట్ వుడ్‌లో 1929 నుంచీ ఉన్న ‘ష్పీల్‌ప్లాట్స్’ది ఇంచుమించు ఇదే కథ. చార్లెస్ మకాస్కీ దంపతులు అడవిలాంటి స్థలం కొని డేరాలు వేసుకుని మొదలుపెట్టారు. ఆ పేరుకు జర్మన్‌లో ఆటస్థలం అని అర్థం. ఇప్పుడక్కడ ఏడాది పొడవునా కాపురముండేవాళ్లున్నారు, లండన్ పక్క చలిలో! ఫ్రాన్స్‌లోని లెవాంట్ దీవిలో 1931లో డ్యూర్‌విల్ సోదరులనే ఇద్దరు డాక్టర్లు హీలియోపొలిస్ ఊరు కట్టారు. దీవిలో ఎక్కువ భాగం ఫ్రాన్స్ సైన్యానిది, ఓ మూల మాత్రం వీళ్లది.

అన్నిచోట్లా ఇప్పుడు ఒకటే దిగులు, కుర్రాళ్లు రావడం లేదు. 1970లలో చేరినవాళ్లకు ఎనభై దాటుతున్నాయి. ఒకప్పటి నారింజ తోటలు ఇళ్ల స్థలాలుగా మారి పాస్కోలో భూమికి రెక్కలొచ్చాయి. స్థలం యజమాని వారసులు బిల్డరుకు అమ్మేస్తే ఏం గతి అన్నది కొనేవాళ్లు తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న. లేక్ కోమోలా సభ్యుల సొంత సహకార సంఘమైతే ఆ భయం కొంత తక్కువ.

ఇక పిల్లలకు చెప్పడం! అమ్మానాన్నా ఫ్లోరిడాకు మారుతున్నారని మాత్రమే తెలిసిన కొడుకూ కోడలూ, కొత్త ఇంటి అడ్రసు వెతికి చూసి నోరు వెళ్లబెట్టడం ఈ కాలనీల్లో తరచూ చెప్పుకునే ముచ్చట. కొందరు నవ్వేసి ఊరుకుంటారు. కొందరు ఏళ్ల తరబడి గడప తొక్కరు, మనవల్ని పంపరు. పండక్కి అమ్మానాన్నలే ప్రయాణం కడతారు. అందుకే ఎంత పాత సభ్యుల ఇంట్లోనైనా బీరువాలో రెండు మూడు జతలు ఇస్త్రీ చేసి ఉంటాయి. ఆసుపత్రికొకటి, బ్యాంకుకొకటి, మనవరాలి పుట్టినరోజుకొకటి. వీధి తలుపు వెనక కొక్కేనికి మాత్రం రెండు డ్రెస్సింగ్ గౌన్లు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి, ఎప్పుడైనా పిల్లలు మనసు మార్చుకుని వస్తారేమోనని.