కోర్టు ఫీజు కోసం కమ్మలు అమ్మాలా?

"అక్కా, ఈ కమ్మలు మీకు తెలిసినవాళ్లెవరైనా కొంటారేమో కనుక్కుంటారా? బంగారం కొట్లో మరీ తక్కువకి అడుగుతున్నారు."

పోయిన శ్రావణమాసంలో ఓ సాయంత్రం, పేరంటానికి బయల్దేరబోతుంటే, మాకు జాకెట్లు కుట్టే అమ్మాయి గుమ్మంలో నిలబడి అడిగిన మాట ఇది. పేరు రాయను, ఏమీ అనుకోకండి.

ఆ కమ్మలు వాళ్లమ్మ పెట్టినవి. భర్త పోయి రెండేళ్లయింది. అత్తమామలు లేరు. వాళ్ల ఇల్లూ, ముందున్న రెండు కొట్లూ అన్నదమ్ములిద్దరివీ. భర్త వాటా అడిగితే "నీకేం సంబంధం?" అని బావగారు తలుపేశాడట. దావా వేద్దామని ఓ లాయరు గుమాస్తాని అడిగితే, ఆస్తి ఆమె చేతిలో లేదు కాబట్టి వాటా విలువని బట్టి కోర్టు ఫీజు కట్టాలని లెక్కేసి చెప్పాడు. ఆ అంకె విని కమ్మలు తీసింది.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "కోర్టులూ గొడవలూ మనకెందుకమ్మా? పెద్దమనుషుల్లో పెట్టి ఎంతిస్తే అంత తీసుకో" అన్నాను. డిగ్రీ చదివాను. ఆడవాళ్ల కష్టాల మీద కథలు రాస్తాను. తీరా ఆ కష్టం మా గుమ్మంలోకొచ్చి నిలబడితే నా నోట వచ్చిన మాట అదీ!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా చిన్నాన్న కూతురికి ఫోన్ చేశాను. అది లాయరు. విని, "అదేంటక్కా, పాపర్ దావా సంగతి తెలీదా?" అంది.

పాపర్ దావా అంటే చిన్నతనమా?

ఆ మాట చిన్నప్పట్నించీ వింటున్నదే. "వాడు పాపర్ దావా వేశాడట" అని పెద్దవాళ్లు మూతి విరిచేవాళ్లు. అప్పులెగ్గొట్టి ఐపీ పెట్టడంలాంటిదే కాబోలనుకునేదాన్ని. రెండూ వేర్వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డరు ఇందుకోసమే ఉంది. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లు ఆ సంగతి చెప్పుకుని, ఫీజు కట్టకుండానే దావా వేయడానికి అనుమతి కోరవచ్చు. 1976 సవరణలో చట్టం ఆ 'పాపర్' మాట తీసేసి నిరుపేద అనే అర్థం వచ్చే మాట పెట్టింది. మన నోళ్లలోంచే ఇంకా పోలేదు.

"మరి ఇల్లుంది కదే? దానికోసమేగా దావా?" అన్నాను.

"దేనికోసం దావా వేస్తున్నామో ఆ ఆస్తిని స్తోమత కింద లెక్కగట్టరక్కా. చేతికి రాని ఇల్లు ఫీజెలా కడుతుంది?"

"కుట్టుమిషనో?"

"పనిముట్టు. జప్తు చేయకూడని వస్తువులు కూడా లెక్కలోకి రావు. వంటగిన్నెలూ, కట్టుబట్టలూ, పక్కలూ, ఆచారం ప్రకారం ఆడది ఒంటిమీంచి తీయకూడని నగా, చేతివృత్తివాళ్ల పనిముట్లూ అన్నీ అంతే."

కమ్మల సంగతి మాత్రం దాచొద్దంది. ఉన్న ఆస్తంతా, ఎంత చిన్నదైనా, అర్జీలో రాయాలట. దాచినట్టు తేలినా, అర్జీకి ముందు రెండు నెలల్లో ఆస్తిని మోసపూరితంగా ఇంకొకరి పేర పెట్టినా అర్జీ నిలవదు. కమ్మలు రాసినా ఫరవాలేదు, వాటి విలువ ఆ ఫీజులో ఓ మూలకి కూడా రాదు.

ఇంకో మాట కూడా చెప్పింది. ఇది పూర్తి మాఫీ కాదు. గెలిస్తే ఆ ఫీజు ప్రభుత్వానికి చేరాల్సిందే. ఎవరు కట్టాలో కోర్టు చెబుతుంది, వచ్చిన ఆస్తి మీద ఆ బాకీదే మొదటి హక్కు. ఓడితే దావా వేసినవాళ్లే కట్టాలి. అంటే, డబ్బు లేదన్న కారణంతో గుమ్మంలోనే ఆపేయకుండా లోపలికి రానిస్తారన్నమాట.

ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదు

నేను అసలు ఆశ్చర్యపోయింది ఈ సంగతికి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం ఉచిత న్యాయసాయం పొందేవాళ్లలో స్త్రీలున్నారు. ఏ ఆదాయ పరిమితీ లేకుండా! ఉచితంగా లాయరుని ఇవ్వడమే కాదు, కోర్టు ఫీజు, నోటీసు ఖర్చులు, నకళ్ల ఖర్చులు కూడా ఆ సాయంలోకే వస్తాయి.

మా టైలరమ్మాయిని వెంటబెట్టుకుని కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లాను. తెల్లకాగితం మీద అర్జీ రాసిచ్చాం. వాళ్లిచ్చిన లాయరే పాపర్ అర్జీ కూడా వేశారు. ఎదుటివాళ్లకీ, ప్రభుత్వ ప్లీడరుకీ నోటీసులు వెళ్లాయి. "మిషను మీద సంపాదిస్తోందండీ" అని బావగారి తరఫున గట్టిగానే అడ్డుపడ్డారు. నెలకెంత వస్తుంది, అద్దె ఎంత, పిల్లాడి బడి ఫీజెంత అని జడ్జిగారు అడిగారు. ఈ పిల్ల తడబడకుండా లెక్క చెప్పింది. నాలుగు వాయిదాల తర్వాత అనుమతి వచ్చి, దావాకి నంబరు పడింది.

గెలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను. కేసు నడుస్తోంది. మొన్న వాయిదాకి మాత్రం ఆ కమ్మలు పెట్టుకునే వెళ్లింది.

మీ ఇంటికి పనికొచ్చే అమ్మాయో, మీ ఆడపడుచో ఇలాంటి కష్టం చెప్పుకుంటే, నాలా "సర్దుకుపో" అనకండి. దారి చెప్పండి.

గుర్తుంచుకోండి

• ఉచిత న్యాయసాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, మండల కమిటీలో గానీ అర్జీ పెట్టుకోవచ్చు. సలహా కోసం 15100 నంబరుకి ఫోన్ చేయవచ్చు.

• సంస్థ తరఫున వచ్చిన లాయరుకి మీరు పైసా ఇవ్వక్కర్లేదు. ఆయన అడగనూ కూడదు.

• పాపర్ అర్జీని కోర్టు ఒప్పుకోకపోయినా కంగారుపడకండి. ఫీజు కట్టడానికి గడువు ఇవ్వవచ్చు.

• ఫీజు కట్టి వేసిన కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.