చేతులు మారిన పాట: ఎల్‌పీ రికార్డు కథ

ఎల్‌పీ (లాంగ్ ప్లే) రికార్డు 12 అంగుళాల వ్యాసం ఉన్న పలుచని ప్లాస్టిక్ పళ్ళెం. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు 20 నిమిషాలకు పైగా సంగీతం పడుతుంది. పైకి వందల గీతలు కనిపించినా వైపుకు ఉన్నది ఒక్కటే గాడి. అది అంచు దగ్గర మొదలై, సర్పిలంగా తిరుగుతూ, మధ్యలోని లేబుల్ దాకా వస్తుంది. 22 నిమిషాల వైపు అయితే ఆ గాడి 730కి పైగా చుట్లు తిరుగుతుంది. సాగదీసి కొలిస్తే దాదాపు అర కిలోమీటరు ఉంటుంది. ఒకచోట పాడిన పాటను ఎన్నో ఇళ్ళకు పంచాలన్న ప్రయత్నమే ఈ పళ్ళేన్ని పుట్టించింది.

గొట్టం పోయి పళ్ళెం వచ్చింది

1877లో థామస్ ఎడిసన్ తయారుచేసిన ఫోనోగ్రాఫ్, తగరపు రేకు చుట్టిన గొట్టం మీద శబ్దాన్ని నమోదు చేసింది. తర్వాత మైనపు గొట్టాలు వచ్చాయి. వాటికి నకళ్ళు తీయడం కష్టం. తొలినాళ్ళలో గాయకుడు అదే పాటను మళ్ళీ మళ్ళీ పాడితేనే అమ్మకానికి సరిపడా గొట్టాలు తయారయ్యేవి.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఎమిల్ బెర్లినర్ ఈ చిక్కును విప్పాడు. 1887లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసిన గ్రామఫోన్‌లో ముల్లు పైకీ కిందికీ కాక పక్కలకు ఊగుతుంది. పలుచగా మైనం పూసిన జింకు పళ్ళెం మీద ముల్లు గీత గీస్తుంది. మైనం తొలగిన చోట ఆమ్లం జింకును తిని గాడి చేస్తుంది. ఆ పళ్ళెం నుంచి లోహపు అచ్చు తీసి, దానితో ఎన్ని నకళ్ళైనా ఒత్తవచ్చు. గాయకుడు ఒక్కసారి పాడితే చాలు.

లక్క ప్లేట్ల కాలం

నకళ్ళు ఒత్తడానికి బెర్లినర్ మొదట గట్టి రబ్బరు వాడాడు. 1890ల మధ్యలో దాని స్థానంలో లక్క వచ్చింది. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే ఈ పదార్థానికి భారతదేశమే ముఖ్యమైన వనరు. లక్కలో రాతిపొడి, నలుపు కోసం మసి కలిపి వేడిచేసి ప్లేట్లు ఒత్తేవారు. వాటి మీద నడిచే ఉక్కు ముల్లు త్వరగా అరిగేది కాబట్టి ప్లేటు ప్లేటుకూ మార్చాల్సి వచ్చేది.

నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగే ఆ 10 అంగుళాల ప్లేటులో వైపుకు మూడు నిమిషాల పాటే పట్టేది. 1902లో రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ గానాన్ని నమోదు చేసినప్పుడు, గంటసేపు సాగే రాగాన్ని ఆమె ఈ కొద్దిపాటి వ్యవధిలోకి కుదించి పాడింది. ఆ ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తాలోనే కర్మాగారం మొదలైంది. తెలుగువారి పద్యనాటకాలూ హరికథలూ ఈ దారిలోనే ఇళ్ళలోకి వచ్చాయి. కవి కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలు ఘంటసాల గొంతులో ఊరూరా వినిపించింది ఇలాంటి ప్లేటు వల్లనే.

లక్క ప్లేటుకు రెండు లోపాలు ఉన్నాయి. చేయి జారితే పగులుతుంది, అందులోని రాతిపొడి వల్ల గరగర వినిపిస్తుంది.

వినైల్ రాక

1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త పాలీవినైల్ క్లోరైడ్‌ను మెత్తగా, వంగేలా చేసే పద్ధతి కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్కకు కొరత వచ్చింది. సైనికుల వినోదం కోసం అమెరికా పంపిన ‘వి-డిస్క్’ల తయారీలో వినైల్ వాడారు. ఓడల్లో ఎంత దూరం పంపినా అవి పగిలేవి కావు. ఈ ప్లాస్టిక్ నున్నగా ఉంటుంది కనుక గరగర తగ్గింది, సన్నని గాడి చెక్కడమూ వీలైంది.

దీన్ని పూర్తిగా వాడుకున్నది కొలంబియా కంపెనీ. పీటర్ గోల్డ్‌మార్క్, విలియం బాక్‌మన్ తదితరుల కృషితో రూపొందిన ఎల్‌పీని 1948 జూన్‌లో న్యూయార్క్‌లో ప్రదర్శించింది. పాత ప్లేటులో అంగుళానికి వంద గీతలకు అటూఇటుగా ఉండేవి. ఎల్‌పీలో అవి 200 నుంచి 300కు పెరిగాయి. చుట్ల వేగం 78 నుంచి 33⅓కు తగ్గింది. ధ్వనితో కూడిన తొలి సినిమాల కోసం 1926లో వాడిన వైటాఫోన్ ప్లేట్లది కూడా ఇదే వేగం. సన్నని గాడి, నెమ్మదైన చుట్టు కలవడంతో నాలుగైదు ప్లేట్లు మార్చి వినాల్సిన సింఫనీ ఒక్కదానిలో ఇమిడింది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ కంపెనీ 7 అంగుళాల, 45 చుట్ల రికార్డును తెచ్చింది. ఆ పరిమాణంలోని ‘ఈపీ’లే మన దేశంలో నాలుగేసి సినిమా పాటలతో అమ్ముడయ్యాయి.

గాడిలో ధ్వని

గాడి అడ్డుకోత ‘వి’ ఆకారంలో ఉంటుంది. దాని గోడల వంపులే ధ్వని తరంగాల రూపం. వజ్రపు మొన ఉన్న ముల్లు ఆ గోడల మధ్య కదులుతుంటే ముల్లును పట్టి ఉంచే కాట్రిడ్జిలో చిన్న అయస్కాంతం కూడా ఊగుతుంది. దానివల్ల తీగచుట్టల్లో కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్ పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకరుకు పంపుతుంది.

రెండు చెవులకూ వేర్వేరు ధ్వని ఇచ్చే స్టీరియోకు 1931లోనే బ్రిటన్‌కు చెందిన ఆలన్ బ్లూమ్లీన్ పేటెంటు దరఖాస్తు చేశాడు. గాడి రెండు గోడలూ నిలువు గీతకు 45 డిగ్రీల వాలులో ఉంటాయి. ఒక గోడ ఎడమ ధ్వనిని, మరొకటి కుడి ధ్వనిని మోస్తుంది. ఈ ఆలోచన 1958 నాటికి గానీ అంగట్లోకి రాలేదు. అప్పటికి బ్లూమ్లీన్ లేడు. 1942లో రాడార్ పరీక్షలో ఉన్న విమానం కూలి మరణించాడు.

మంద్రస్వరాలు గాడిని మరీ వెడల్పుగా ఊపుతాయి, దాంతో చోటు చాలదు. అందుకే చెక్కేటప్పుడు వాటిని తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. వినేటప్పుడు యాంప్లిఫయర్ దీన్ని తలకిందులు చేస్తుంది. అప్పుడు మంద్రం యథాస్థితికి వస్తుంది, గాడి చేసే సరసర తగ్గుతుంది. ఒక్కో కంపెనీ ఒక్కో లెక్క వాడుతున్న కాలంలో, అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం 1954లో ఉమ్మడి ప్రమాణాన్ని నిర్ణయించింది. ఆ తర్వాత ఏ కంపెనీ రికార్డునైనా ఎవరి ఇంటి యంత్రంలోనైనా సరైన స్వరంతో వినే వీలు కలిగింది.

తయారీ

నైట్రోసెల్యులోజ్ లక్కర పూసిన అల్యూమినియం పళ్ళెం మీద కోత యంత్రం మొదటి గాడిని చెక్కుతుంది. దానిపై వెండి పూత, ఆపైన నికెల్ పొర వేసి విడదీస్తే అచ్చు వస్తుంది. ఆ అచ్చు నుంచి మరికొన్ని అచ్చులు తీస్తారు. పూరీ ప్రెస్సులో పిండిముద్దను ఒత్తినట్టే, వేడి వినైల్ ముద్దను రెండు అచ్చుల మధ్య పెట్టి బలంగా ఒత్తి చల్లారుస్తారు. ఒక్కో రికార్డుకు అర నిమిషం దాకా పడుతుంది. అచ్చులు అరుగుతాయి కనుక కొన్ని వందల నుంచి వెయ్యి దాకా నకళ్ళు తీశాక మార్చాలి.

పంచుకోవడం, దాని మీద తగవులు

స్పీకరులోంచి వచ్చే పాట గదిలో ఉన్నవారందరిదీ. జపాన్‌లో విదేశీ రికార్డులు ఖరీదైనవి కావడంతో, కాఫీ తాగుతూ పదిమంది కలిసి ఎల్‌పీలు వినే ‘జాజ్ కిస్సా’లు వెలిశాయి. తెలుగు పల్లెల్లో పెళ్ళిళ్ళకూ జాతర్లకూ మైకుసెట్టువారు రికార్డులు వేస్తే ఊరంతా వినేది. ఘంటసాల గానం చేసిన భగవద్గీత ఆయన మరణించిన 1974లో ఎల్‌పీగా వెలువడి, ఇళ్ళలోనూ గుళ్ళలోనూ మోగింది. 1977లో అమెరికా పంపిన వోయేజర్ నౌకల్లోని బంగారు పూత రాగి రికార్డు మీద కేసర్‌బాయి కేర్కర్ గానంతో పాటు, 55 భాషల శుభాకాంక్షల్లో తెలుగు పలకరింపు కూడా ఉంది.

రికార్డును ఎరువిస్తే యజమాని చేతిలో అది ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు గీత పడే ప్రమాదమూ ఉంది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తేవడంతో ఈ హద్దు చెరిగింది. స్నేహితుడి ఎల్‌పీని ఒక రాత్రి తెచ్చుకుని క్యాసెట్‌లోకి ఎక్కించుకుంటే చాలు. బ్రిటన్ రికార్డు కంపెనీలు 1981లో దీనికి వ్యతిరేకంగా ప్రచారం సాగించాయి. హక్కుదారుల అనుమతి లేకుండా రికార్డులు అద్దెకివ్వడాన్ని అమెరికా 1984లో చట్టంతో నిషేధించింది. ఇంట్లో నలుగురూ కలిసి వినడాన్ని ఎవరూ అడ్డుకోలేదు. హోటళ్ళ వంటి వ్యాపార స్థలాల్లో వినిపిస్తే మాత్రం లైసెన్సు తీసుకోవాలి.

పతనం, పునరాగమనం

1982లో కాంపాక్ట్ డిస్క్ వచ్చింది. దాన్ని చదివేది లేజర్ కనుక అరుగుదల లేదు. పదేళ్ళలో ఎల్‌పీ చాలా దుకాణాల నుంచి తప్పుకుంది. పాట ఫైలుగా మారి అందరికీ క్షణంలో అందే కాలంలో, చేతితో పట్టుకోగల పాట మీద మళ్ళీ మోజు పుట్టింది. 2022లో అమెరికాలో సుమారు 4.1 కోట్ల ఎల్‌పీలు అమ్ముడై, 1987 తర్వాత తొలిసారి సీడీల సంఖ్యను (3.3 కోట్లు) దాటాయి. అయితే ఈ పరిశ్రమ పునాది చాలా సన్నం. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయాక, మొదటి గాడి చెక్కే లక్కర పళ్ళేలు చేసే ప్రధాన సంస్థ జపాన్‌లో ఒక్కటే మిగిలింది.

ఇంట్లో పాత ప్లేట్లు ఉన్నవారు వాటిని నలుగురికీ వినిపించే ముందు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. 78 చుట్ల ప్లేటు గాడి వెడల్పు, దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్‌పీకి 18 నుంచి 25 మైక్రాన్ల ముల్లు చాలు. లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవకూడదు, అది లక్కను కరిగిస్తుంది. వినైల్‌ను ఎండకూ వేడికీ దూరంగా, నిలబెట్టి దాచాలి. అరిగిన ముల్లు గాడిని శాశ్వతంగా పాడుచేస్తుంది కాబట్టి, ఎరువు తెచ్చుకున్న రికార్డును పెట్టే ముందు సొంత యంత్రంలో ముల్లు ఎలా ఉందో చూసుకోవడం తప్పనిసరి.